అమ్మ అడిగిన నిప్పు

మా అమ్మ లమై తన చావు గురించి ఇంటికొచ్చిన వాళ్ళతో పెళ్ళి కబుర్లు చెప్పినట్టు చెప్పేది. ఏ గుడిలో చెయ్యాలి, ఏ సన్యాసులు మంత్రాలు చదవాలి, వచ్చినవాళ్ళకి ఏం వండి పెట్టాలి, అన్నీ ఆవిడ ఎప్పుడో నిర్ణయించేసింది. శవపేటిక ముందు పెట్టడానికి ఫోటో కూడా ఫెచ్చబురి పట్నం వెళ్ళి తీయించుకుంది. పటం కట్టించి బీరువా మీద దాచి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించేది. "కాస్త నవ్వలేకపోయావా లమై?" అని పక్కింటావిడ అంటే, "చచ్చినదాన్ని నవ్వుతానా?" అంది.

అన్నీ అమరాయి, చితి ముట్టించే నిప్పు ఒక్కటి తప్ప. మామూలు నిప్పు ఆవిడకి పనికిరాదు. రాజుగారి దగ్గర్నుంచి వచ్చే రాచనిప్పు కావాలి.

మాది బాన్ లేమ్. సముద్రపు నీళ్ళు మడుల్లోకి పెట్టి, ఎండబెట్టి, ఉప్పు లాగి కుప్పలు పోసే ఊరు. అమ్మ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉప్పు లాగింది. అరికాళ్ళు పగిలి, మడమలు గట్టిపడి, చెప్పులు లేకపోయినా తెలియని స్థితికి వచ్చిన మనిషి. అలాంటి మనిషికి రాచనిప్పేమిటి? ఊళ్ళో వాళ్ళు నవ్వుకునేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

చిన్నప్పుడు అమ్మని బాంగ్‌కాక్‌లో ఒక పెద్ద హోదా గల దొరగారింట్లో పనికి పెట్టారు. ఆ దొర పోయినప్పుడు లాంతరులో నిప్పు వచ్చిందట. లాంతరు వస్తుంటే వీధంతా లేచి నిలబడిందట. రోజూ అమ్మ నెత్తిమీద మొట్టే వంటావిడ కూడా తలవంచుకుని చేతులు కట్టుకుందట. "అంత మర్యాద జరిగాక, బతికున్నన్నాళ్ళు పడ్డవన్నీ కొట్టుకుపోతాయే సంగియమ్," అనేది నాతో. కొడుకు సన్యాసం పుచ్చుకుంటే తల్లి ఆ కాషాయం అంచు పట్టుకుని స్వర్గానికి పోతుందని మావాళ్ళ నమ్మకం. మా అన్నయ్య థావిన్ ఒక వానాకాలం గుళ్ళో సన్యాసిగా ఉండి ఆ ముచ్చటా తీర్చాడు. అమ్మకి అంచు ఒక్కటీ చాల్లేదు.

అన్నయ్య మా ఊరి బడిలోనే మాస్టారు. సర్కారు కొలువు చేసేవాళ్ళకి ఇన్నేళ్ళకని పతకాలు వస్తాయి. ఒకసారి కిరీటం పతకం, తర్వాత అదే తరగతిలో తెల్లేనుగు పతకం, మళ్ళీ పై తరగతి కిరీటం, ఆపైన ఏనుగు. ఎడమకాలు, కుడికాలు వేసుకుంటూ మెట్లెక్కడం లాంటిది. కింది నుంచి మొదలై అంకె తగ్గేకొద్దీ గొప్ప. డిసెంబరులో రాజుగారి పుట్టినరోజుకి పేర్లు బయటికొచ్చేవి. ఆ రోజు అమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది.

అన్నయ్యకి ఐదో తరగతి వచ్చినప్పుడు జరిగిన మాటలు నాకింకా చెవిలో ఉన్నాయి.

"ఏమొచ్చిందిరా ఈసారి? కిరీటమా, ఏనుగా?"

"ఏనుగేనమ్మా. ఐదో తరగతి."

"ఐదో తరగతికి నిప్పొస్తుందా?"

"నాకొస్తుంది. నీకు రాదు."

"పడుచువాడివి, నీకెందుకురా నిప్పు! నా సంగతి చెప్పు."

"కన్నవాళ్ళకి కూడా అడుక్కోవాలంటే మూడో తరగతి ఏనుగు దాకా పోవాలిటమ్మా."

"అయితే పో," అంది అమ్మ. వీధి చివర కొట్టుకి వెళ్ళి కొబ్బరికాయ పట్రా అన్నట్టు అంది.

నేను పొయ్యి దగ్గర్నుంచి ఊరుకోలేక, "నేను రోజూ సంతలో మో-కేంగ్ అమ్మి ఇల్లు నడుపుతున్నాను, నాకే తరగతి ఇస్తావమ్మా?" అన్నాను. తాటిబెల్లం, గుడ్లు, కొబ్బరిపాలు కలిపి కాల్చే ఆ మిఠాయికి మా జిల్లా పెట్టింది పేరు. అందులో నాది ఇంకాస్త పేరు. అమ్మ వెనక్కి తిరిగైనా చూడలేదు. "నీకు నోరిచ్చాడుగా దేవుడు. చాలదూ?" అంది. అన్నయ్య పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కాదనను.

పై మెట్టు పతకం వస్తే కింది మెట్టుది తిరిగిచ్చెయ్యాలి. మొదటిసారి అన్నయ్య పెట్టె పట్టుకుని జిల్లా ఆఫీసుకి బయల్దేరితే అమ్మ తలుపుకి అడ్డం నిలబడింది. ఇచ్చిన వస్తువు వెనక్కి తీసుకోవడం ఏం పద్ధతి, ఇది ఎక్కడి న్యాయం, అని నానా గొడవ చేసింది. సాయంత్రం వాడు అంతకంటే పెద్దది, మెరుగుపెట్టినది తెచ్చి చేతిలో పెట్టేసరికి నోరు మూతపడింది. అప్పట్నుంచీ ఆవిడకి ఆ వ్యవహారం తెగ నచ్చేసింది. అన్నయ్య తిరిగిచ్చి వచ్చినప్పుడల్లా కాళ్ళు కడుక్కోకముందే అడిగేది: "ఇచ్చేశావా? బదులేమిచ్చారు?"

నాలుగో తరగతి దగ్గర బండి ఆగింది. మామూలు మాస్టారుగా ఉన్నన్నాళ్ళూ ఆపైకి పోదని తేలిపోయింది. పై హోదా కావాలి. హెడ్మాస్టరు ఖాళీలు కావలసినవాళ్ళకి కావలసినచోట ఎప్పుడో నిండిపోయాయి. ఎవరూ పోనిది ఒక్కటే మిగిలింది, నోంగ్ యా ప్లోంగ్ అవతల, బర్మా సరిహద్దు కొండల్లో, కరెన్ అనే కొండజాతి పిల్లల బడి. వానాకాలం దారి ఉండదు. దోమ కుడితే చలిజ్వరం.

అన్నయ్యకి వెళ్ళాలని లేదు. వాడికి ఉన్న సుఖాలే తక్కువ. సాయంత్రం బడి వదలగానే బురదలో దిగి గవ్వపురుగులు ఏరుకోవడం, వాటిని ఉడకబెట్టుకుని మిరపకాయ పచ్చడితో తింటూ గుడి అరుగు మీద చదరంగం ఆడటం. పెళ్ళి కూడా చేసుకోలేదు. అయినా ఆ బడికి ఒప్పుకున్నాడని తెలిసిన పూట, ఉప్పు కుప్పల దగ్గర పట్టుకుని నిలదీశాను.

"అన్నయ్యా, నీకేమైనా పిచ్చా? యాభై దాటినవాడివి. అక్కడికి పోయినవాళ్ళు సగం మంది పసుపుపచ్చగా దిగొస్తున్నారు."

"మూడు నాలుగేళ్ళు. అమ్మ పని అయిపోగానే దిగొచ్చేస్తా."

"అమ్మ పని అంటే అమ్మ చావేగా!"

"అలా అంటే బాగోదే. నిప్పు అను," అన్నాడు నవ్వుతూ.

"నావల్ల కాదని ఆవిడకి చెప్పలేవా?"

"ఆవిడ ఇన్నేళ్ళలో నన్ను ఇంకేదైనా అడిగిందా చెప్పు. కొత్త బట్ట అడిగిందా, బంగారం అడిగిందా? ఒక్కటే అడిగింది," అన్నాడు. నాకంత నోరుండీ వాణ్ణి ఆపలేకపోయాను.

వెళ్ళాడు. ప్రతి వానాకాలం తర్వాతా ఇంకాస్త చిక్కి దిగేవాడు. కళ్ళు పచ్చబడి, దుప్పటి కప్పుకుని మధ్యాహ్నం ఎండలో కూర్చునేవాడు. అమ్మ పీతలు ఉడికించి, గుల్ల ఒలిచి, లోపలి గుడ్లన్నీ వాడి కంచంలోనే వేసేది. నాకు కాళ్ళు మిగిలేవి. వాడంటే ఆవిడకి ప్రాణం కాదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. కానీ కంచంలో పీత వేసిన చేయి తుడుచుకుంటూనే "ఈ డిసెంబరుకి పడుతుందంటావా?" అని అడిగేది. వాడు "పడొచ్చమ్మా" అనేవాడు. నాకు కంచం విసిరెయ్యాలనిపించేది.

చివరికి పడింది. మూడో తరగతి తెల్లేనుగు. ఇది రొమ్ముకి గుచ్చుకునేది కాదు, రిబ్బనుతో మెడలో వేసుకునేది. తెల్ల దుస్తుల మీద వేసుకుని అన్నయ్య మా ముందు గదిలో నిలబడ్డాడు. దుస్తులు వదులైపోయి భుజాలు జారుతున్నాయి. అమ్మ రెండు చేతులూ జోడించి పతకానికి దణ్ణం పెట్టింది. తర్వాత వేలితో మెల్లిగా తాకింది. "చాలురా నాయనా," అంది. "ఇక నేను సుఖంగా పోతా." ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదలు.

ఆ మర్నాటి నుంచి అమ్మ పోవడానికి సిద్ధంగా కూర్చుంది. పొద్దున్నే లేచి, కప్పు కేసి చూసి "ఇంకా ఉన్నానా!" అనేది. నేను ఊరుకుంటానా? "నిప్పు సిద్ధంగా ఉందమ్మా, కట్టెలే ఆలస్యం" అనేదాన్ని. వేసవి సెలవులకి అన్నయ్య వచ్చాక ముగ్గురం నవ్వుకునేవాళ్ళం. మా ఇంట్లో అంత నవ్విన రోజులు లేవు. అన్నయ్య కిందికి బదిలీకి అర్జీ పెట్టాడు. అది వచ్చేలోపు వేసవి సెలవులైపోయాయి. బడి తెరవాలి కదా అని మళ్ళీ కొండెక్కాడు.

వానలు ముందుగా వచ్చాయి. ఈసారి జ్వరం తలకెక్కింది. కరెన్ మగవాళ్ళు వాణ్ణి ఉయ్యాలలో వేసి భుజాల మీద మోసుకుంటూ దిగారు. వాగు పొంగి దారి మునిగింది. వాగు ఒడ్డునే పోయాడు. సంతలో మో-కేంగ్ ముక్కలు కోస్తుంటే నాకా సంగతి తెలిసింది. చేతిలో ముక్క కొనుక్కున్నావిడకి ఇచ్చేశాను. ఇంటికి ఎలా వెళ్ళానో నాకు గుర్తులేదు.

అమ్మకి నేనే చెప్పాలి. చెప్పాను. "ఎవరు?" అంది. మళ్ళీ చెప్పాను. "కాదే, నేను కదా పోవలసింది," అంది. పొరపాటున వేరే ఇంటికి వెళ్ళిన మనిషికి దారి చెప్పినట్టు, కోపం లేకుండా అంది. ఆ మాట వినలేక నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

మూడో తరగతి వాడు కదా. రాచనిప్పు దానంతట అదే వచ్చింది. మేం అడగనక్కర్లేకపోయింది. విద్యాశాఖ ఆఫీసు నుంచి గుమస్తా ప్రయోంగ్ వచ్చి, ఎవరెక్కడ కూర్చోవాలి, నిప్పుని ఎక్కడ ఉంచాలి, దాని కంటే ఎత్తులో ఎవరూ ఎందుకు నిలబడకూడదు, అన్నీ చెప్పి వెళ్ళాడు. దహనం రోజు గుడి ఆవరణ నిండిపోయింది. ఉప్పు మడుల వాళ్ళు, వాడి పాత శిష్యులు, కొండ మీది నుంచి కరెన్ జనం ఒక లారీ నిండా వచ్చారు. అమ్మ నల్లబట్టలు కట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. నేను పక్కన.

కరెన్ వాళ్ళలో ఒక ముసలావిడ వంగుకుంటూ వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. బళ్ళో పిల్లలకి వండిపెట్టేది తనేనని చెప్పింది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మావాడు అక్కడ ఏం తినేవాడమ్మా?"

"మాతోపాటే. వెదురు మొలకలు, మిరపకాయ పచ్చడి. జ్వరమొస్తే గంజి." ఆవిడకి మా భాష కూడబలుక్కుంటే గాని రాదు. "కిందికి పోవయ్యా మాస్టారూ అంటే వినలేదు. మా అమ్మ పని ఒకటుంది, అది అవగానే పోతా అనేవాడు. పతకం వచ్చాక, ఇంకేం, అయిపోయిందిగా, పో అన్నాం. పిల్లలకి ఇంకో మాస్టారు రావాలిగా అన్నాడు."

అమ్మ ఆవిడ చెయ్యి వదల్లేదు.

అంతలో అందరూ లేచారు. తెల్ల దుస్తుల్లో ఒకాయన రెండు చేతుల మీద తాంబాళం పట్టుకుని, ఎటూ చూడకుండా నడుచుకుంటూ వస్తున్నాడు. వీధి వీధంతా నిలబడింది. గుడి బయట చేపలమ్మేవాళ్ళు కూడా బుట్టలు దించి నిలబడ్డారు. అమ్మ మెడ చాచి చూసింది.

"లాంతరేదే?" అని నా చెవిలో అడిగింది.

"దూరపు ఊళ్ళకి లాంతరు రాదమ్మా. పెట్టెలో పంపుతారు."

"పెట్టెలో ఏముంది?"

"వత్తి, చందనపు పువ్వులు, అగ్గిపెట్టె."

"అగ్గిపెట్టా?" అంది. చాలాసేపు ఆ తాంబాళం కేసే చూసింది. "అగ్గిపెట్టె మనింట్లో లేదుటే సంగియమ్?"

అందులో ఎత్తిపొడుపు లేదు, అమర్యాద లేదు. నిజంగా తెలియక అడుగుతోంది. ఇంట్లో అగ్గిపెట్టె ఉంటే కొడుకుని కొండకి ఎందుకు పంపినట్టు? ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను.

మైకులో వాడి జీవితం చదివారు. ఫలానా సంవత్సరం ఐదో తరగతి కిరీటం, ఫలానా సంవత్సరం ఐదో తరగతి ఏనుగు, నాలుగో తరగతి కిరీటం... ప్రతిదానికీ అమ్మ తల ఊపింది. అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. గవ్వపురుగుల సంగతీ చదరంగం సంగతీ అందులో లేవు. మూడో తరగతి తెల్లేనుగు అని చదవగానే, "అది వాడిది కాదు. అది నాది," అంది పైకే. ముందు వరసలో వాళ్ళు తిరిగి చూశారు. జిల్లా అధికారి మెట్లెక్కి వత్తి ముట్టించాడు. లేచిన పొగని అమ్మ మెడ వాలిపోయేదాకా చూసింది.

పతకం తిరిగిచ్చెయ్యాలి కదా. మనిషి పోయినా అదే నియమం. అస్థికలు సముద్రంలో కలిపి వచ్చిన కొన్నాళ్ళకి గుమస్తా ప్రయోంగ్ ఇంటికి వచ్చాడు. మంచివాడే. అసలు విషయం ఎలా ఎత్తాలో తెలియక వానల గురించి, ఉప్పు ధర గురించి మాట్లాడుతున్నాడు. అమ్మే లేచి బీరువా తెరిచింది. పతకం పెట్టెని పట్టుగుడ్డలో చుట్టి ఉంచింది. తెచ్చి అతని ముందు పెట్టి, తను చాప మీద ఎదురుగా కూర్చుంది.

ప్రయోంగ్ పెట్టెకి దణ్ణం పెట్టి, సంచీలో పెట్టుకున్నాడు. అమ్మ కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అతని కేసే చూస్తోంది.

"ఇంకేమైనా ఉందా మామ్మగారూ?"

"బదులేమిస్తావు బాబూ?" అంది అమ్మ.

అతనికి అర్థం కాలేదు. నాకయింది. ఇన్నేళ్ళూ ఆవిడ చూసింది అదే కదా. చిన్నది తిరిగిస్తే పెద్దది వచ్చింది. ప్రతిసారీ వచ్చింది. ఒక్కసారీ తప్పలేదు.

"అమ్మా, ఈసారి ఏమీ ఇవ్వరమ్మా," అన్నాను.

"ఏమీనా?"

"ఏమీ ఇవ్వరు."

ప్రయోంగ్ తల దించుకున్నాడు. పాపం, ఏదో ఒకటి ఇచ్చి పోవాలనుకున్నట్టున్నాడు. "మామ్మగారూ, మాస్టారు సంపాదించిన హోదా ఊరికే పోదండీ. మీకు కూడా రాచనిప్పు కోసం ఇప్పటినుంచే పైవాళ్ళకి రాసి పెడతాను. మీరు అడుగుతున్నారని ఒక్కమాట చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు.

"వద్దు," అంది అమ్మ. అంత తొందరగా ఆవిడ ఏ మాటకీ జవాబు చెప్పడం నేనెరగను. "వద్దు నాయనా. నేనేమీ అడగలేదని రాసుకో."

ఆ రోజు నుంచి అమ్మ నిజంగానే ఏమీ అడగలేదు. నిప్పు సంగతి వదిలెయ్యండి. అన్నం అడగలేదు, దుప్పటి అడగలేదు. కూరలో ఉప్పు తక్కువైతే ఊరంతా వినేలా అరిచే మనిషి, ఉప్పే వెయ్యకుండా పెట్టి చూశాను, తినేసి లేచింది. ఆకలేస్తోందో, నొప్పి పుడుతోందో ముఖం చూసి నేనే పోల్చుకోవాలి. బీరువా మీద ఫోటో కూడా ఎవరికీ చూపించడం మానేసింది. ఇన్నేళ్ళూ ఆవిడ అడగడం చూసి మండిపడ్డదాన్ని, ఇప్పుడు ఆవిడ ఒక్క మాట అడిగితే చాలని కాచుక్కూర్చున్నాను.

మార్చి ఎండల్లో ఒక మధ్యాహ్నం సంత నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మం పక్కన గోడకానుకుని ఉంది. పెదాలు ఎండి, పొట్టు లేచి ఉన్నాయి. నీళ్ళ కుండ ఇంట్లో ఉంది గాని మోకాళ్ళ నొప్పికి లేవలేకపోయింది. పక్కింటావిడ రెండుసార్లు ఆ దారినే పోయిందట. అడిగితే ఇవ్వదూ?

నాకు దుఃఖం, కోపం ఒకేసారి వచ్చాయి. బుట్ట అక్కడే పడేసి ఆవిడ ముందు కూలబడ్డాను. "ఏమ్మా, నోరు పడిపోయిందా? ఒక్క గుక్కెడు నీళ్ళు అడగలేవా? నన్నెందుకమ్మా ఇలా చంపుతావు? ఏదో ఒకటి అడుగమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్కసారి అడుగు!"

అమ్మ నా తలమీద చెయ్యి వేసింది. ఉప్పుకి కాయలు కాచిన ఆ చెయ్యి అంత తేలిగ్గా ఉంటుందని నాకు తెలియదు.

"అడిగితే ఇచ్చేస్తారే తల్లీ," అంది. "అదే నా భయం."

నేను లేచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకొచ్చి, ఆవిడ నోటికి అందించాను.